పాట కింది చప్పుడు

కావలి ట్రంకురోడ్డు మీద
జిలానీ సెల్ పాయింటులో
అద్దాల బల్ల మీద రెండు పెట్టాడు.

ఒకటి చెంబంత. నల్లగా, నున్నగా,
మూతి చుట్టూ నీలం లైటు తిరగతా ఉండాది.
రెండోది సబ్బుపెట్టంత.
బూడిదరంగు గుడ్డ, ఒక తాడు,
చూపించుకునేదానికి ఇంకేం లేదు.

"పెద్దది పద్దెనిమిది వందలన్నా,
చిన్నది పన్నెండున్నర.
వాన పడినా రెండిటికీ ఏంగాదు.
ఛార్జింగంటావా, పెద్దది తెల్లార్లూ వస్తది,
చిన్నది ఆరు గంటలొస్తే గొప్ప."
నా జేబులో పందొమ్మిది వందలుండాయి.
ఆ మాట వాడికి చెప్పలా.

పెద్దదాన్ని ముందు మోగించాడు.
బల్ల అద్దం వణికింది.
వేలాడే ఫోను కవర్లన్నీ తలకాయలూపాయి.
నా రొమ్ములో ఎవరో పలక వాయించినట్టుండాది.
రోడ్డు మీద హారన్ కొట్టుకుంటా పోయే ఆటో
మూగదాని మాదిరి పోయింది.

"ఎట్టుండాదన్నా?"
బాగుండాది. నిజంగానే బాగుండాది.
ఇసకపల్లి కాడ ఉప్పుగాలి మధ్యన
ఒక రేకుల కొట్టం, ఒక నులక మంచం, నేను.
రాత్రి పది మొదలు తెల్లారేదాకా
పలకరించేదానికి ఒక్క మనిషి లేడు.
అంత పెద్ద గొంతు ఒకటి పక్కన కూర్చుంటే
ఎట్టుంటదో జెప్పినా మీకు తెలీదు.

చిన్నదాన్ని మోగించాడు.
పాడేయమ్మ మధ్యలో ఊపిరి పీల్చుకోడం
అప్పుడు వినపడింది నాకు.
దాని వెనకమాల జిలానీ ఫ్యాను కిర్రుమనేదీ,
కింద టీ కొట్లో గ్లాసులు కడిగేదీ.

"ఇది ఇళ్ళల్లోకన్నా.
ఆడోళ్ళు వంట చేసుకుంటా వింటారు.
బయట పెడితే గాలికెగిరిపోద్ది సౌండు."

వాడికేం తెలుసు.
గుంటలో నాలుగు ఏరియేటర్లు రాత్రంతా
నీళ్ళని కొడతా, నురగ లేపతా
రొయ్యలకి ఊపిరి పోస్తా ఉంటాయి.
ఉత్తరం పక్కది కుంటిది,
మూడు తిప్పులకొకసారి టక్కుమంటది.
ఆ టక్కు వినపడినంతసేపు
నాకు కునుకన్నా పడతది.
అది ఆగిందా, లేచి కూర్చుంటా,
జనరేటరు తాడు ఎప్పుడు పట్టుకున్నానో నాకే తెలీదు.

పోయినేడు మా పక్క గుంట శీనయ్య
నెల్లూరు నించి ఇంతకంటే పెద్దది తెచ్చుకున్నాడు.
గట్టు మీద ఊగతా పాడతా అన్నం తిన్నాడు.
మూడు గంటలప్పుడు కరెంటు పోయింది.
పాట పోలా.
అదీ వచ్చిన చిక్కు.
దానికి కరెంటుతో పనేంది,
దాని కడుపులో దానికుండాది.

తెల్లారేప్పటికి గట్టెంబడి తెల్లగా కుప్పలు.
కాకులు.
ఆసామి శీనయ్యని తిట్టలా.
బురదలో గొంతుక్కూర్చుని
ఒక రొయ్యని అరచేతిలోకి తీసుకుని
దాని మీసాలు సరిజేశాడు, అంతే.
శీనయ్య ఇప్పుడు ఇటుక బట్టీలో ఉండాడు.
ఆ డబ్బా యాడుండాదో
నేనడగలా.

"చిన్నదియ్యి" అన్నా.
జిలానీ నా మొహం వంక చూసి
డబ్బులు చాల్లేదనుకున్నాడేమో,
అడక్కుండానే యాభై తగ్గించాడు.
నేను కాదనలా.

బస్సులో ఒళ్ళో పెట్టుకున్నది దీన్నే గానీ
అల్లూరు దాకా
నీలం లైటు గురించే అనుకుంటా వచ్చా.

రాత్రి పదకొండుకి కొట్టం ముందర
మేకుకి తాడు తగిలించి సన్నంగా పెట్టా.
పాట.
పాట కింద నాలుగు చక్రాలు.
టక్కు.
పాడేయమ్మ ఊపిరి పీల్చుకుంటది.
టక్కు.

లైట్లకేముందిలే,
టార్చి కొడితే గుంట నిండా
వేలకి వేలు ఎర్రటి కళ్ళు.
అయినా, ఆ నీలం బాగుండేది.